జేబులో నక్ష

నా చొక్కా జేబు బరువుగా ఉంటుంది. అందులో ఏమీ లేకపోయినా సరే. ఆ బరువు మొదలై ముప్పై అయిదేళ్లు దాటింది. చొక్కాలు మారాయి, ఇళ్లు మారాయి, నా ఎడమ చెయ్యి మాత్రం ఇప్పటికీ మాటిమాటికీ ఆ జేబు మీదికి పోతుంది, ఏదో ఉందేమో తడిమి చూసుకుంటున్నట్టు. గుండెనొప్పేమోనని భయపడి మా ఆవిడ దవాఖానకు కూడా తీసుకుపోయింది. డాక్టరు అన్నీ చూసి ఏమీ లేదన్నాడు. ఉన్నది ఆయనకు దొరికే రకం కాదు.

ఒక మాట ముందే చెప్పాలి. నన్ను ఎరిగినవాళ్లెవరూ నా మాట నమ్మరు. హన్మకొండ చౌరస్తా నుంచి కొత్తవాడ దాకా నా పేరెత్తితే నవ్వుతారు. ఖిలా వరంగల్‌లోని రాతి తోరణం గాలికి కొంచెం ఒరిగితే మా ముత్తాత భుజం పెట్టి సరిచేశాడని చెప్పి, పరాయి ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి చేత దాని ముందు ముత్తాత పేరున దండం పెట్టించినవాడిని నేను. గప్పాలు కొట్టడం నాకు ఊపిరి తీసుకున్నంత తేలిక. అందుకే ఇది ఎవరికీ నోటితో చెప్పడం లేదు. నోటితో చెబితే ఎక్కడో ఒకచోట ఎదుటివాడి మొహం చూస్తాను, వాడు నవ్వడానికి సిద్ధంగా ఉంటాడు, ఆ నవ్వు కోసం నేనొక మాట మారుస్తాను. మీ మొహం నాకు కనబడదు. మీరెవరో నాకు తెలియదు. అది చాలు.

ఎనభైల చివరి రోజులు. కొత్తవాడలో షత్రంజీలు, అంటే నేల మీద పరిచే నూలు తివాచీలు, నేసేవాళ్ల సంఘం ఒకటి ఉండేది. దాని పేరు రాయను. ఏదో పథకం కింద దానికి ఒక కంప్యూటర్ వచ్చింది. హైదరాబాద్‌లో ఆరు నెలల కోర్సు చేసి వచ్చాను కనుక నన్ను దానికి ఇన్‌చార్జిని చేశారు. కంప్యూటర్‌ను కళ్లతో చూసినవాళ్లు అప్పటికి వరంగల్‌లో ఎందరు? చూసినవాళ్లు కూడా దూరం నుంచి, చెప్పులు విడిచి.

చెప్పులు విడవడం నేను పెట్టిన నియమం కాదు. దుమ్ము పడకూడదని కంపెనీవాళ్లే చెప్పిపోయారు. మిగతావన్నీ నేను కలిపాను. దానికి తుమ్ము పడదన్నాను. కోపంతో మీట నొక్కితే గుర్తుపడుతుందన్నాను. ఉల్లిగడ్డ తిని దగ్గరికి వస్తే తెరమీద అక్షరాలు వణుకుతాయన్నాను. సంఘం అధ్యక్షుడు సాంబయ్యను అందరం కాక అనేవాళ్లం, బాబాయి అన్నట్టు. మంచి మనిషి, దేనినైనా నమ్మే మనిషి. ఆయన నిజంగానే ఉల్లిగడ్డ మానేశాడు. ఆర్నెల్లకు ఆయన భార్య ఒకరోజు ఆఫీసుకు వచ్చి, గడప దగ్గరే నిలబడి అడిగింది.

“కొడుకా, పప్పుల ఏసిన ఉల్లిగడ్డ కూడ తెలుస్తదా దానికి?”

“ఉడికిందయితే మాఫ్ చేస్తది పెద్దమ్మా.”

ఆమె నెమ్మదిపడి వెళ్లిపోయింది. నేను బల్ల మీద తల పెట్టుకుని నవ్వాను. కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాను. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే తర్వాత జరిగినదంతా ఆ నవ్వులోనే ఉంది. ఆ ఇనుప డబ్బాకు ముక్కు పెట్టింది నేను. మనసు పెట్టింది నేను. మడి పెట్టింది కూడా నేనే.

ఆ మిషన్ మీద పనిచేసేది స్వరూప. ఇంటర్ చదివిన నేతకారి ఇంటి పిల్ల, ఇరవై రెండేళ్లుంటాయి. నన్ను అన్నా అనేది. ఆమె తాత నర్సయ్య. కొత్తవాడలో ఇంకెవరికీ రాని పాత షత్రంజీ నక్షలు, నేతలో వేసే బొమ్మల లెక్కలు, నలభై మూడు ఆయన నోట్లో ఉండేవి. కాగితం మీద ఒక్కటి లేదు. ఆయన తండ్రి నోటి నుంచి ఆయనకు, అంతే. కొడుకులు పవర్‌లూమ్‌ల వైపు పోయారు, నేర్చుకుంటామన్న వాళ్లు లేరు. వాటిని మిషన్‌లోకి ఎక్కించాలన్నది స్వరూప ఆలోచన. నాది కాదు. ఈ ఒక్క విషయంలోనైనా నిజం నిజంలాగా ఉండనీ.

తాత కుర్చీలో కూర్చునేవాడు. కాళ్లు మగ్గం తొక్కుతున్నట్టు నేల మీద ఆడుతుండేవి. ఆ ఆట ఆగితే వరస మరిచిపోయేవాడు. “మూడు ఎర్రయి, ఒకటి నల్లది, మల్ల మూడెర్రయి, ఆగు, రెండు తెల్లయి” అని పాట లాగా చెబుతుంటే స్వరూప రంగుకొక అక్షరం చొప్పున వరసలు వరసలుగా కొట్టేది. దగ్గరికి పోతే అన్నీ అక్షరాలే. నాలుగడుగులు వెనక్కి వేసి కళ్లు చికిలించి చూస్తే తెరమీద చేపముల్లు, జొన్నకంకి, కోటగుమ్మం తేలేవి. మొదటిసారి కోటగుమ్మం తేలిన రోజు తాత కుర్చీ ఇంకొంచెం వెనక్కి జరుపుకుని మళ్లీ చూశాడు. తర్వాత అన్నాడు: “నేను పోయినా ఇది పోదన్నట్టు.” నేను గొప్పగా తల ఊపాను.

ఎనిమిది నెలలు పట్టింది. పని ముగిసిన ఎండాకాలమే తాతకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. అయినా ప్రతి శుక్రవారం ఆయన్ను రిక్షాలో ఆఫీసుకు తెచ్చేవాళ్లు. స్వరూప తెరమీది వరసలు ఒక్కొక్కటే చదివేది. సరిగ్గా ఉంటే తాత ఎడమచేతి చూపుడువేలు పైకి లేచేది. తప్పుంటే లేచేది కాదు. లేవకపోతే ఆమె దిద్దేది, మళ్లీ చదివేది, మళ్లీ దిద్దేది, వేలు లేచేదాకా. ఆయనకు మిగిలిన మాట ఆ వేలు ఒక్కటే.

ప్రింటర్ ఇంకా రాలేదు. మరి నకలు? నకలు ఉండేది. నక్షలన్నీ ప్రతి నెలా డబ్బాడు ఫ్లాపీల మీదికి నకలు తీసి బీరువాలో పెట్టడం నా పని. మొదటి మూడు నెలలు తీశాను. తర్వాత హైదరాబాద్ దోస్తు ఒకడు ఆటలు తెచ్చాడు, వాటికి ఫ్లాపీలు కావాల్సి వచ్చాయి. నక్షలు చెరిపి ఆటలు ఎక్కించాను. మిషన్‌లో ఉన్నాయి కదా అనుకున్నాను. ఆ ‘కదా’ను ఎన్నిసార్లు కొరుక్కుని ఉంటానో.

ఇక ఆ దసరా.

మా దగ్గర నవమినాడు పనిముట్లకు పూజ చేస్తారు. మగ్గాలు, ఆసులు, కత్తెరలు, ఆఖరికి సైకిళ్లు కూడా. పూజలో పెట్టిన పనిముట్టును దసరా దాటి తలుపులు తెరిచేదాకా ముట్టకూడదు. అది విశ్రాంతిలో ఉన్నట్టు. ఆ ఏడు మిషన్‌ను కూడా పూజలో పెట్టారు. స్వరూప పొద్దున్నే తలస్నానం చేసి వచ్చి, బంతిపూల దండ కట్టి తెరకు వేసింది. డబ్బాకు మూడు చోట్ల కుంకుమ పెట్టింది. సాంబయ్య కాక కొబ్బరికాయ కొట్టాడు. గదికి తాళం వేసి చెవి నాకిచ్చారు.

మర్నాడు దసరా. ఏటూరునాగారంలో అడవిశాఖలో పనిచేసే నా బామ్మర్ది పండుగకు వచ్చాడు. భోజనాలయ్యాక వాడు పులిని చూసిన కథ చెప్పాడు. బాగా చెప్పాడు. మా ఆవిడ వాడినే చూస్తూ విన్నది. నాకు కడుపు మండింది. ఇంతకన్నా పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని ఇన్నేళ్లూ వెతికాను. లేదు. బామ్మర్ది పులి నా కన్నా బాగుంది, అంతే.

“పులిదేముందిరా, నడువు, ఊర్లకు ఊర్లు మాయం చేసుడు సూపిస్త” అని వాడిని ఆఫీసుకు తీసుకుపోయాను. తాళం తీశాను. దండ పక్కకు జరిపి మిషన్ వేశాను.

ఈ పెట్టె లోపల ఒక డిస్కు ఉంటుందనీ, అందులో ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఎవరి హద్దో రాసుకున్న పట్టిక మొదట్లోనే ఉంటుందనీ, ఆ పట్టికను కూల్చి కట్టే విద్య నాకొక్కడికే తెలుసనీ చెప్పాను. ఆ పట్టికను మార్చే ప్రోగ్రాం తెరిచాను. ‘తీసివేయి’ అన్న వరస ఎంచాను. హెచ్చరిక వచ్చింది. లోపలున్నదంతా పోవచ్చు, అయినా సరేనా అని ఇంగ్లీషులో అడిగింది. ఆ మాత్రం ఇంగ్లీషు నాకు వచ్చు.

“ఏమంటాందే బావా?” అన్నాడు బామ్మర్ది.

“నన్ను బతిమాలుతాంది” అన్నాను. సరే అని నొక్కాను.

ఇంకోసారి అడుగుతుందనుకున్నాను, అప్పుడు వద్దని వెనక్కి రావచ్చనుకున్నాను. మళ్లీ అడగలేదు. తీసేశానని ఒక్క ముక్క చెప్పి, మిషన్‌ను మళ్లీ మొదలుపెట్టమంది. మొదలుపెడితే నల్లటి తెర మీద తెల్లటి వరస ఒకటి: డిస్కు లేదు.

బామ్మర్ది చప్పట్లు కొట్టాడు. “ఇగ మల్ల కట్టు” అన్నాడు.

పండుగ పూట కట్టకూడదని చెప్పి నవ్వాను. దండ యథాస్థానంలో పెట్టాను. తాళం వేశాను.

మంగళవారం ఆఫీసు తెరిచారు. సాంబయ్య కాక, ఇద్దరు ముగ్గురు డైరెక్టర్లు, హారతి పళ్లెం పట్టుకుని కాక భార్య. స్వరూప రాలేదు. అందరి ముందు మిషన్ వేశాను. ఏమీ తెలియనివాడిలాగా మొహం పెట్టాను. అదే తెల్లటి వరస. ఇంకోసారి వేశాను. మూడోసారి వేశాను.

“నక్షలు?” అన్నాడు కాక.

“కనవడ్తలేవు.”

“ఫ్లాపీలల్ల?”

“ఫంగస్ పట్టినయ్ కాకా. వానలకు.”

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. అప్పుడు నేనొక ప్రశ్న అడిగాను. గమనించండి, అబద్ధం చెప్పలేదు. జీవితమంతా అబద్ధాలతో నవ్వించినవాడిని, ఆ రోజు ఒక్క అబద్ధం అవసరం పడలేదు నాకు.

“పూజల ఉండంగ దీన్ని ఎవలన్న ముట్టిండ్రా?”

అంతే. ఒక డైరెక్టరు అన్నాడు, పూలు కట్టింది స్వరూపే కదా అని. ఇంకొకాయన అడిగాడు, ఆ పొల్ల ఇయ్యాల రాలేదేమని. కాక భార్య హారతి పళ్లెం కింద పెట్టి, మెల్లగా, ఎవరి వైపూ చూడకుండా చెప్పింది.

“బయటున్నదట. నవమినాడు మాపటి సంది.”

నెలసరి రోజుల్లో ఉన్న ఆడవాళ్లను మా దగ్గర అలా అంటారు. ఒక్కొక్కరి మొహం మీద లెక్క కుదురుతుంటే చూస్తూ నిలబడ్డాను. పొద్దున దండ కట్టింది, సాయంత్రానికి బయటున్నది. ఉల్లిగడ్డ వాసననే ఓర్వని మిషన్, దీన్ని ఓరుస్తుందా? ఆ మాట ఎవరూ అనలేదు. అనే పని లేదు. ఏడాదిగా వాళ్లకు నేను నేర్పిన పాఠం అదే.

నోరు తెరిచి ఉండాల్సింది. తెరిచాను కూడా. ‘ఏమో మరి’ అన్నాను.

స్వరూపను మిషన్ గదిలోకి రావద్దన్నారు. సాంబయ్య కాక ప్రేమగానే చెప్పాడట. “నీ తప్పు గాదు బిడ్డా, తెల్వక అయింది. జర కొద్దిరోజులు నూలు గోదాంల ఉండు.” ఆ ప్రేమ ఆమెకు తిట్టు కన్నా ఎక్కువ తగిలి ఉంటుంది. గోదాముకు పోలేదు. ఇంట్లో కూర్చుంది. పంతులును పిలిచి శాంతి చేయించాలనుకున్నారు. ఆయనకు తీరిక లేక, పున్నమి దాటాక బుధవారం అని ముహూర్తం పెట్టాడు.

ఆ గురువారం హసన్‌పర్తి వెళ్లాను. అక్కడి ఒక కాలేజీకి మా మిషన్ లాంటిదే, ఒకే లారీలో, ఒకే వ్యాపారి దగ్గర నుంచి వచ్చింది. దాన్ని చూసుకునే లెక్చరరు నాకు ముఖపరిచయం. మా సంఘంలో ఎవడో ఇట్లా చేశాడని చెప్పాను. ఆయన పగలబడి నవ్వాడు.

“ఎవడో గని గుండె గల్లోడు. ఇది తనంతట తాను పోదయ్యా. అది అడుగుతది, వీడు సరే అంటేనే పోతది.”

“ఇగ రాదా సార్?”

“ఎటు పోయిందని? పొలాలు ఎక్కడియక్కడ్నే ఉన్నయ్. పట్వారి దగ్గరి నక్ష చినిగింది. అది మల్ల రాసిస్తే అయిపాయె.”

ఆయన డిస్కు, మా డిస్కు ఒకే కొలత. ఇద్దరికీ ఆ వ్యాపారే ఒకే తీరుగా హద్దులు పెట్టి ఇచ్చాడు. ఆయన తన డిస్కు మొదటి ముక్కను తెరమీద పరిచాడు. అందులో మాకు కావాల్సింది ఒక్క వరస. రెండేసి అక్షరాల జంటలు, పదహారు. కాగితం మీద పెన్సిలుతో రాసుకున్నాను. వాటిని మా డిస్కులో అదే చోట ఎట్లా ఎక్కించాలో చూపించాడు. మిషన్‌ను మొదలుపెట్టే డాస్ ఫ్లాపీలోనే ఉండే చిన్న పనిముట్టుతో అయిపోతుంది. పది నిమిషాల పని. “ఏం జేసినా ఫార్మాట్ మాత్రం కొట్టకు” అని గేటు దాకా వచ్చి చెప్పాడు.

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఎడమ జేబులో.

ఆ సాయంత్రమే చేయొచ్చు. చెవి నా దగ్గరే ఉంది. ఎందుకు చేయలేదు? ఈ ప్రశ్న దగ్గరికి వచ్చి ఎన్నోసార్లు వెనక్కి తిరిగిపోయాను. భయపడ్డానని చెప్పుకున్నాను. ఇప్పుడు బాగైతే, ఏమైంది, ఎట్లా పోయింది అని అడుగుతారు, అడిగితే ఎవరో చేత్తో నొక్కితేనే పోతుందన్న సంగతి బయటపడుతుంది, చెవి ఎవరి దగ్గర ఉందో అందరికీ తెలుసు. నిజమే, భయం ఉండింది. కానీ దానంతటదే లేచిందని ఒక గప్పం కొడితే ఎవరు కాదనేవారు? తుమ్ము పడదన్న మిషన్‌ను నమ్మినవాళ్లు, నిద్ర లేచిన మిషన్‌ను నమ్మరా? అంత తేలికైన అబద్ధం, మంచికి పనికొచ్చే అబద్ధం, నాకు తట్టలేదంటే మీరు నమ్ముతారా?

తట్టింది. చెప్పకపోవడానికి కారణం వేరు. బుధవారం పంతులు వస్తాడు. మంత్రాలు, పొగ, జనం. కొబ్బరికాయ పగిలే క్షణంలో మిషన్ వెలిగితే! ఆ కథ ఎంత బాగుంటుంది! గురువారం సాయంత్రం ఎవరూ లేని గదిలో వెలిగితే ఏం బాగుంటుంది?

కథ బాగుంటుందని ఆగాను. ఇదిగో, ఇదే నేను ఎవరికీ చెప్పనిది. మొదటి రెండు రోజులు భయం. తర్వాత ఆరు రోజులు కథ.

మర్నాడు శుక్రవారం. అలవాటు ప్రకారం రిక్షాలో తాతను తెచ్చారు. ఇంట్లో ఎవరూ ఆయనకు సంగతి చెప్పలేదు. స్వరూప పక్కన లేదు, ఆమె తమ్ముడు పట్టుకుని కూర్చున్నాడు. సాంబయ్య కాక మెట్లు దిగి రిక్షా దగ్గరికి పోయాడు. నేను వెనకాల నిలబడ్డాను.

“తాతా, మిషన్ జర పండుకున్నది. పై వారం సూద్దాం” అన్నాడు గట్టిగా, చెవిటివాడికి చెప్పినట్టు.

తాత కాకను చూడలేదు. నన్ను చూశాడు. చూపుడువేలు లేపాడు. సరిగ్గా ఉందన్నప్పుడు లేపే వేలే. కానీ దించలేదు. అలాగే పట్టుకున్నాడు. అది అడుగుతోంది. అన్నీ ఉన్నాయా అని అడుగుతోంది. నా చెయ్యి జేబు మీదికి పోయింది. కాగితం చప్పుడైంది. ఆయనకూ నాకూ మధ్య నాలుగడుగులు. లోపలికి పోయి పది నిమిషాలు కూర్చుంటే కోటగుమ్మం తేలుతుంది. ఆ వేలు దిగుతుంది.

నేను చెయ్యి ఊపాను. ఉన్నాయన్నట్టా, పోయి రమ్మన్నట్టా? రెండూ కానట్టు ఊపాను. రిక్షా తిరిగింది. మలుపు దాకా ఆ వేలు అలాగే ఉంది.

సోమవారం పొద్దున తాత పోయాడు. నక్షల సంగతి ఆదివారం ఎవరో పరామర్శకు వచ్చి, వినబడదనుకుని ఆయన ముందే మాట్లాడారట. నేను చంపానని అనను. ఆయన వయసుకు, ఆ జబ్బుకు ఎప్పుడైనా పోయేవాడేమో. కానీ ఏమీ మిగల్లేదని తెలుసుకుని పోయాడు. అన్నీ మిగిలే ఉన్నాయి. అవి ఉన్నాయన్న సంగతి నా జేబులో ఉంది.

బుధవారం శాంతి జరిగింది. దుమ్ము పడకూడదన్న గదిలో హోమం వేసి పొగ పెట్టారు. నేను పంతులుతో చెప్పి మిషన్ ముందు పీట వేయించుకున్నాను. ఆయన మంత్రాలు చదువుతుంటే పొగచాటున తెర వెలుగు బాగా తగ్గించి మిషన్ వేసి, ఫ్లాపీ పెట్టి, జేబులో కాగితం తీసి, పదహారు జంటలూ ఎక్కించాను. ఒకటికి రెండుసార్లు సరిచూశాను. వేళ్లు వణకలేదు. ఆ వణకని వేళ్లను తలచుకుంటే నాకు అన్నం దిగదు. కొబ్బరికాయ పగిలింది. ఫ్లాపీ తీసి, తెర వెలుగు పెంచి, మళ్లీ మొదలుపెట్టే మీట నొక్కాను. తెర వెలిగింది. నలభై మూడు పేర్లు కిందికి దిగుతూ వచ్చాయి.

సాంబయ్య కాక రెండు చేతులూ ఎత్తి ఏడ్చాడు. “సూసిండ్రా, మైల పోయింది. అదే నిజమైంది” అన్నాడు.

అదే నిజమైంది. శాంతితో బాగైందంటే మైలతోనే చెడినట్టు. అనుమానం రుజువైంది. ఆ రుజువు నేను రాసి ఇచ్చాను, పదహారు జంటల్లో. ఆ వారం సర్వసభ్య సమావేశంలో నాకు శాలువా కప్పారు. కప్పించుకున్నాను.

తాత దినాలు అయ్యాక ఒక మధ్యాహ్నం స్వరూప వచ్చింది. ఆఫీసులో నేనొక్కడినే ఉన్నాను. మెట్ల కిందే నిలబడింది. లోపలికి రమ్మన్నాను. తల అడ్డంగా ఊపింది.

“అన్ని దొరికినయట గదన్నా.”

“అన్ని ఉన్నయ్ చెల్లె. ఒక్కటి పోలే.”

“తాతకు చెప్పలేకపోయినం.”

ఆమె చెంగు అంచు వేలికి చుట్టుకుంటూ విప్పుతూ నిలబడింది. తర్వాత, నేల చూస్తూ, పాఠం అర్థం కాని పిల్ల మాస్టారును అడిగినట్టు అడిగింది.

“అన్నా, నువ్వు సదువుకున్నోనివి. నేను దండ కట్టినప్పుడు నాకేం లేదు. అమ్మతోడు, మాపటికి గని తెల్వలే. మరి నాకన్న ముందే దానికి తెలుస్తదా?”

ఇదొక్కటే అడిగింది. నన్ను నిందించలేదు. తనను వెనకేసుకు రమ్మనలేదు. కాదు అన్న ఒక్క మాట చాలు. రెండక్షరాలు. పదహారు జంటలు ఎక్కించిన వేళ్లకు, వేల గప్పాలు కొట్టిన నాలుకకు, రెండక్షరాలు.

“ఏమో చెల్లె” అన్నాను. “దానికి శానా తెలుస్తది.”

ఆమె తల ఊపింది. అర్థమైందన్నట్టు. “నేనే తాతను...” అని ఆగింది. ఎండలో నడుచుకుంటూ వెళ్లిపోయింది.

ఆ తర్వాత నాకు మంచే జరిగింది. సొంతంగా సెంటర్ పెట్టుకున్నాను. కొబ్బరికాయతో కంప్యూటర్ బాగుచేసిన కథ ఎన్ని పెళ్లిళ్లలో చెప్పానో లెక్కలేదు. ‘అది చెప్పే’ అని అడిగి మరీ చెప్పించుకునేవారు. ఆ కథలో పంతులుకు నత్తి పెట్టాను. కాకకు పొగకు దగ్గు పెట్టాను. దండ కట్టిన పిల్ల ఆ కథలో లేదు. రిక్షా లేదు. జనం విరగబడి నవ్వేవారు, నా చెయ్యి జేబు మీద ఉండేది. పదహారు జంటల కాగితాన్ని ఆ బుధవారమే హోమంలో వేశాను. అదే ఆఖరి ఆహుతి అనుకున్నాను కాబోలు.

మూడేళ్ల కింద దసరా ముందురోజు పనిమీద కొత్తవాడ పోయాను. ఒక ఇంట్లో మగ్గానికి పూజ జరుగుతోంది. తలుపులు బార్లా తీసి ఉన్నాయి. పిల్లలు, కోడళ్లు, అందరూ లోపల. ఒకామె మాత్రం వాకిట్లో, గడపకు బాగా ఎడంగా, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉంది. జుట్టు సగం నెరిసింది. స్వరూప. లోపలి నుంచి కోడలు కేకేసింది.

“అత్తా, నువ్వు రావా? ఇంక నీకేం అడ్డమే?”

“నాకొద్దు బిడ్డా. పూజ పూట నేను రాను. నా చెయ్యి మంచిది గాదు” అన్నది స్వరూప. మామూలుగా అన్నది. ఏటా చెప్పే మాట చెప్పినట్టు.

ఆ వయసు ఎప్పుడో దాటిపోయిన మనిషి. వెనక్కి కట్టుకున్న ఆ చేతులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి, ఎక్కడ దేనికి తగులుతాయోనన్నట్టు. నేను గోడ పక్కన ఆగాను. పది అడుగులు. అక్కడి నుంచే వెనక్కి తిరిగాను. ఇది కూడా రాయాలి కనుక రాస్తున్నాను.

ఇప్పుడు ఎవరు నన్ను ఏమనాలి? తాత లేడు. సాంబయ్య కాక లేడు. స్వరూప ముందుకు పోయి నిలబడి చెబుతానా? చెబుతానని ఇక్కడ రాయొచ్చు. బాగుంటుంది కూడా, చదివేవాళ్లకు. అందుకే రాయను. పోతానో లేదో నాకు తెలియదు. నా మాట నాకే నమ్మకం లేదు.

ఒక్కటి మాత్రం, ఏమీ కలపకుండా, ఏమీ తీసేయకుండా, ఉన్నది ఉన్నట్టు రాసి ముగిస్తాను. ఆ దసరానాడు పూజలో ఉన్న మిషన్‌ను స్వరూప ముట్టలేదు. తాళం తీసింది నేను. దండ పక్కకు జరిపింది నేను. అది అడిగింది. సరే అన్నది నేను.